కొబ్బరి చిప్పలో పసుపు చేప

మొన్న గోల్‌బజార్‌లో అక్వేరియం కొట్టు ముందు నిలబడితే నాచు వాసనకి ఇదే ఊళ్లో ఖరిదా పేటలోని మా ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నాన్న అక్కడ కిటికీ పక్కన గాజు తొట్టెలో డ్వార్ఫ్ సిక్లిడ్లనే బొటనవేలంత చేపల్ని పెంచేవాడు.

నా చిన్నప్పుడు ఒకసారి అమ్మ ఆయనతో గొడవపడి, ఆయన డ్యూటీకి వెళ్లగానే శ్రీకాకుళంలోని పుట్టింటికి వెళ్లడానికి సంచి సర్దుకుంది. "నువ్వు నాన్నకాడ బుద్దిగా ఉండాల," అంది.

నా ధ్యాసంతా తొట్టె మీదే. పసుపుపచ్చగా మారిన ఆడచేప, కన్నం పెట్టి బోర్లించిన కొబ్బరి చిప్పలోకి దూరి బయటికి రావడం లేదు.

"అమ్మా, చేప ఇరుక్కుపోనాది," అని ఏడ్చాను.

అమ్మ వంగి చూసింది. "ఇరుక్కోనేదే. కన్నం పెద్దదే. లోపల గుడ్లెట్టినాది, ఆటినొగ్గీసి ఎలాగొస్తాది?"

చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత సంచిలోని చీరలు తీసి పెట్టెలో పెట్టేసి, "అన్నం తింటావేటి?" అని అడిగింది.

చేపపిల్లల కోసమే అమ్మ ఆగిందని సంబరపడ్డాను. ఆపింది నేనని నాకు పెళ్లయ్యాక గాని తెలియలేదు. అప్పుడు మాత్రం, గుడ్లు పిల్లలయ్యాక అమ్మని చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించాను.

"బాగున్నాయి," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.