సిపాయి సీసాలో మజ్జిగ

నంద్యాల బియ్యం మార్కెట్లో మూటలు మోసే సాల్మన్ రాజుకు ఏడాదికొక్కనాడు తిట్ల పండగ. గుడ్ ఫ్రైడే నాటకంలో ఆయనది రోమా సిపాయి వేషం మరి! ఆళ్లగడ్డ నుంచి కూడా జనం బస్సెక్కి వస్తారు. క్రీస్తు వేషగాణ్ణి గుడ్డతాడుతో బాదుతాంటే ఆడోళ్లు ఊరుకుంటారా? "నీ చెయ్యి ఇరిగిపోనూ!" అని అందరికంటే గట్టిగా అరిచేది విజయమ్మ. క్రీస్తు వేషం ఆమె కొడుకు ఎలీషాది.

ఈసారి సాల్మన్ రాజు పాస్టరును అడిగేసినాడు. "ఆ సిపాయిలు అంత కసాయోళ్లా అయ్యగారూ?"

"వాళ్లూ కూలోళ్లే రాజూ. బరువంతా వీపున మోసుకుంటా నడవాల. పిండి వాళ్లే విసురుకోవాల. ఏండ్ల తరబడి ఇంటి మొహం చూసేది లేదు. పుల్లటి ద్రాక్షరసంలో నీళ్లు కలుపుకొని తాగేవాళ్లంట. సిలువ మీద క్రీస్తుకు స్పాంజితో అందించింది ఆ పులుపే అంటారు."

ఓర్నీ, ఇది అచ్చం మా హమాలీ బతుకే గదా అనుకున్నాడు సాల్మన్ రాజు. పుల్లమజ్జిగ సీసా పక్కన లేంది ఆయనా మూట ఎత్తడు.

నాటకం రోజు ఎండ నిప్పులు చెరుగుతాంది. నాయన జకరయ్య పెద్ద ఆపరేషనై బతికి బయటపడినందుకు ఎలీషా మొక్కుకున్నాడు, నాటకం రోజంతా, సిలువ మీద క్రీస్తుకు దొరికింది తప్ప నోట్లో చుక్క పొయ్యనని. సిలువెక్కేసరికి వాని నాలుక పిడచగట్టింది, కళ్లు తేలిపోతాండాయి. కింద విజయమ్మ నీళ్ల సీసాతో అల్లాడిపోతాంది. "ఒక్క గుక్క తాగు నాయనా!" అంటే వాడు తల అడ్డంగా ఊపినాడు.

కర్రకు గుచ్చిన స్పాంజిని ఏటా ఎండుదే ఎత్తి చూపడం అలవాటు. సాల్మన్ రాజు ఎర్రగుడ్డ కింద దాచుకున్న తన సీసా తీసినాడు. రోమా సిపాయికి ప్లాస్టిక్ సీసా ఏందని ఎవరన్నా నవ్వుకోనీ! మజ్జిగంతా స్పాంజికి పట్టించి, వాని పెదాలకు ఆనించినాడు.

"తాగురా అబ్బీ. సిపాయి ఇచ్చిందే. నీ మొక్కేం చెడదు."

ఎలీషా ఆబగా పీల్చినాడు. కళ్లు తేటబడినాయి. నాటకం చివరిదాకా నిలబడినాడు, మొక్కూ తీరింది.

సోమవారం విజయమ్మ స్టీలు క్యానుతో మార్కెట్టుకొచ్చింది.

"ఏందక్కా, తిట్లేమన్నా మిగిలిపోయినాయా?"

ఆమె నవ్వలేదు. మజ్జిగ క్యాను ఆయన ముందర పెట్టింది. "చేతిలో నీళ్లు పెట్టుకొని నా బిడ్డకు నేను తాపలేకపోతినప్పా. నువ్వు తాపినావు," అని మూటలు మోసి కాయలు కాసిన ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకొని కళ్లకద్దుకుంది. "ఈ చెయ్యి సల్లగుండ!"

ఇన్నేండ్లూ ఆ చెయ్యి ఇరగాలన్న నోరే అది. సాల్మన్ రాజు క్యాను మూత తీసి, తన సీసా నిండా ఆ మజ్జిగ పోసుకున్నాడు.