వెనక డోరు మీది బరువు

నా కారు వెనక డోరు మళ్లీ కిందికి జారింది. మూసినప్పుడల్లా తాళం కొక్కేనికి తగిలి టక్కుమంటోంది. నంద్యాలలో ఎప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి పోయి మండిపడ్డాను.

"పోయిన తూరి సరిగ్గా బిగించినావా లేదా భాయ్? ఏడాదిలో ఇది మూడోసారి."

ఆయన డోరు బందుల బోల్టులు వదులు చేసి, డోరు కింద జాకీ పెట్టి వెంట్రుకంత పైకి లేపాడు. సందు పొడవునా వేలు పోనిచ్చి చూసుకుంటూ బిగించాడు.

"ఎవరో దీని మీద బరువేస్తాండారన్నా. వెనక ఎవరు కూచుంటారు?"

"ఎవరూ కూచోరు."

అది నిజమే. నా భార్య పోయి ఏడాది దాటింది. అంతకుముందు వారానికి రెండుసార్లు ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టుకుని, ఆళ్లగడ్డ నుంచి ఇక్కడికి డయాలసిస్‌కు తెచ్చేవాణ్ణి.

"ఒకసారి తెరిచి మూయన్నా," అన్నాడు మెకానిక్.

తెరిచాను.

"అదో, నువ్వే ఆనుకోని నిలబడినావు చూడు."

చూసుకున్నాను. డోరు పైన రెండు చేతులూ వేసి, ఒళ్లంతా దాని మీద మోపి, సీటు వైపు చూస్తున్నాను. ఆయాసం తగ్గి ఆమె దిగేదాకా ఇట్లాగే నిలబడేవాణ్ణి. "బేగా దిగు," అని విసుక్కునేవాణ్ణి కూడా.

డోరు ఇప్పుడు చప్పుడు లేకుండా మూసుకుంటోంది. ఆళ్లగడ్డలో ఇంటి ముందు కారాపి, దిగి, వెనక డోరు తెరిచాను.

"నిదానంగా దిగు," అన్నాను.