అక్క నమ్మని నిండు డబ్బా

మా ప్రాంతంలో ఏటా ఇచ్చే ‘ప్రమాదం లేని వర్క్‌షాపు’ షీల్డు ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. దాన్ని ఆపించింది మా అక్క. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెబుతాను, అడగనివాళ్లకీ చెబుతాను. వినేవాళ్లకి విసుగు పుడితే అది వాళ్ల కర్మ.

అక్క పెద్ద ఆఫీసరేం కాదు. పనిచేసే చోట మనుషుల భద్రత, ఆరోగ్యం చూసే ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయంలో తనది కింది మెట్టు ఉద్యోగం. అంతకుముందు పదిహేనేళ్లు ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టింది. నడుం పట్టేసి అక్కడ మానేశాక ఇందులో చేరింది. వర్క్‌షాపుల్లో గోడకు తగిలించి ఉండే ప్రథమ చికిత్స డబ్బాలు తెరిచి చూడడం తన పని. మందుల గడువు తీరిందా, కత్తెరకు తుప్పు పట్టిందా, కట్టుగుడ్డ మిగిలిందా, ఏం వాడారో చీటీ రాశారా, అంతే. అందరూ ‘డబ్బా అక్క’ అంటారు. మొదట్లో నేనూ ఆట పట్టించేవాడిని.

"డబ్బా మూత తీసి పెట్టడానికి కూడా జీతం ఇస్తారా అక్కా?"

"తీయడానికే ఇస్తార్రా. మూయడానికి మీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు" అనేది.

అయితే డబ్బాని అక్క చదివే తీరే వేరు. కళ్లు కడిగే మందు త్వరగా అయిపోయిందంటే, గ్రైండింగ్ చేసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవడం లేదని చెప్పేసేది. కాలిన గాయాల మందు తగ్గితే తిన్నగా వెల్డింగ్ దగ్గరికి నడిచేది. ఇక నిండుగా ఉన్న డబ్బా కనిపించిందా, మొహం చిట్లించేది. ఇనుముతో కుస్తీ పట్టే చోట ఏడాదికి ఒక్క ప్లాస్టరైనా ఖర్చు కాకుండా ఎలా ఉంటుందని తన అనుమానం.

నేను రేకులు కోసే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. నా కింద ఇరవై ఇద్దరు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అది దాచేది కాదు. గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రోజూ పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో నేనే రాసేవాడిని. నాలుగు వందలు దాటాక నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ ఏటి షీల్డు మాకేనని అక్క పనిచేసే భద్రతా కార్యాలయం నుంచే ఉత్తరం వచ్చింది. మా యజమాని గోడకి మేకు కూడా కొట్టించాడు.

ఆ నాలుగు వందల రోజులు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. డబ్బాలోంచి ప్లాస్టర్ తీస్తే చీటీ రాయాలి. చీటీ రాస్తే బోర్డు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకని మావాళ్లు వేలు తెగితే నూనె తుడిచే దూది అద్ది, పైన కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు బిగించి, మళ్లీ పనిలోకి దిగేవాళ్లు. ఆ ఉపాయం నాది కాదు. కానీ చూసి భేష్ అన్నవాడిని నేనే. "చిన్న గీతకి ఇంత రాద్ధాంతమా? షీల్డు పోగొట్టినవాడు నాకు మొహం చూపించొద్దు" అని అందరి ముందూ అన్నాను.

షీల్డు ఇచ్చే రోజుకు వారం ముందు అక్క తనిఖీకి వచ్చింది. ఉద్యోగంలో ఉన్నంతసేపూ నేను తనకి తమ్ముణ్ని కాదు.

"ఫోర్‌మన్ గారూ, డబ్బా తెరవండి."

తెరవడానికేముంది, దాని సీలే ఊడలేదు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అక్క డబ్బా వంక ఒక్కసారి చూసి, చేతులు కడుక్కునే చోటికి వెళ్లి, అక్కడున్న చెత్తబుట్టని నేల మీద బోర్లించింది. ఉంగరాల్లా చుట్టుకుపోయిన నల్ల టేపు ముక్కలు, వాటికి అంటుకుని నెత్తురు ఎండిన దూది. ఒకటి రెండు కాదు.

"మీ దగ్గర కరెంటు పని చాలా జరుగుతున్నట్టుందే" అంది.

నేను ఆ ముక్కల్ని కాలితో బుట్ట వైపు నెట్టాను.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి ఒంటికాలి మీద లేచాను. "సొంత తమ్ముడి కొంప ముంచుతావా? ఒక్క వారం చూడనట్టు ఊరుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

అక్క బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. "అరవడం అయిందా? ఇప్పుడు చెప్పు. వాళ్లందరికీ ఏ మెషిన్ దగ్గర తెగింది?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"అదీ తెలీకుండా ఫోర్‌మన్‌వి ఎలా అయ్యావురా? రేపు మా ఆఫీసు సార్‌ని తీసుకొస్తా. మీవాళ్లనే అడుగుతా. వాళ్లు నోరు విప్పకపోతే నా దగ్గరున్నది చెత్తే. దాన్ని సాక్ష్యమని సార్ ఒప్పుకోరు. షీల్డు నువ్వే తీసుకో. ఆ మెషిన్ ఏదో అది మాత్రం అలాగే ఉంటుంది."

మర్నాడు భోజనాల వేళ ఇద్దరూ వచ్చారు. యజమాని నా పక్కనే నిలబడ్డాడు. "ఎవరి మీదా చర్య ఉండదు. ఎక్కడ దెబ్బ తగిలిందో తెలిస్తే చాలు" అంది అక్క. ఒక్కరూ నోరు మెదపలేదు. అందరి చూపూ నా మీదే. మాలో అందరికంటే పెద్దవాడు, అందరం బాబాయ్ అని పిలిచే మనిషి, కుడిచేతిని మెల్లగా జేబులో దోపుకున్నాడు. ఆ చేతి చూపుడు వేలు మూడు నెలలుగా వంగడం లేదు. చలికి బిగుసుకుందిలే అనేవాడు. నేనూ అలాగే అనుకున్నాను, అలా అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి.

సార్ గడియారం చూసుకున్నారు. "ఏమీ లేనట్టుందమ్మా, వెళ్దామా?"

అక్క కదల్లేదు. నోటు పుస్తకం మూయలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూసి కనుసైగ చేసిందంటే నేను మొండికేస్తానని తనకి తెలుసు. పెన్ను పట్టుకుని అలా నిలబడే ఉంది, ఎవరో ఒకరు మనిషిలా మాట్లాడతారన్న నమ్మకంతో. నాకు సిగ్గేసింది. ఈవిడ మా అక్క అన్న గర్వమూ అప్పుడే పుట్టింది.

ఇంతవరకు మీకు చెప్పని సంగతి ఒకటుంది. నా ఎడమ బొటనవేలికీ నల్ల టేపు ఉంది. అప్పటికి నాలుగు రోజులు. అక్క ఇంట్లో అరిచినప్పుడు కూడా ఆ చేతిని వెనక్కి పెట్టుకునే అరిచాను.

ఆ చేయి ఎత్తాను. "నాకు తెగింది."

యజమాని గిర్రున నా వైపు తిరిగాడు. అక్క గొంతు మాత్రం ఏమీ మారలేదు. "ఎక్కడో చెప్పండి, ఫోర్‌మన్ గారూ."

"పెద్ద మెషిన్ వెనక. కోసిన ముక్క జారిపోతుంటే పట్టుకోబోయాను."

"ముక్కలు పడడానికి ట్రే ఉండాలిగా?"

"విరిగిపోయింది. ఎప్పుడో."

బాబాయ్ చేయి జేబులోంచి బయటికొచ్చింది. "నాదీ అక్కడేనమ్మా." ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మొత్తం పద్నాలుగు మంది లెక్క తేలారు. అందులో పదకొండు మందిది అదే మెషిన్, అదే వెనక వైపు. ఎవరి వేలికి వాళ్లం టేపు చుట్టుకుని దాచుకున్నది ఒకే కాగితం మీదికి వచ్చేసరికి చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేట్టుంది. యజమాని అప్పటికప్పుడు మెషిన్ ఆపించి ట్రే చేయించమన్నాడు. రేకుల వర్క్‌షాపులో ట్రే చేసుకోవడానికి ఒక పూట పట్టదు. మాకు నాలుగు వందల రోజులు పట్టింది.

బాబాయ్‌ని ఆసుపత్రికి పంపే కాగితం రాసిచ్చి, అక్క సార్ వైపు తిరిగింది. "మన షీల్డు కోసమే వీళ్లు దాచుకున్నారండీ. తప్పు మనది కూడా. ముందు దాన్ని ఆపాలని రిపోర్టులో రాస్తాను." పై అధికారి మొహం మీదే, ఇంతమంది ముందు, తన ఆఫీసుదే తప్పని చెప్పింది మా అక్క! ఆయన "రాయండి" అన్నారు.

అప్పుడు డబ్బా సీలు తెంపి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. టేపు ఊడదీస్తుంటే ప్రాణం పోయినంత పనైంది. మావాళ్లందరూ చుట్టూ మూగి చూస్తున్నారు.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే, లేదు."

అక్క చేయి ఆపి పెన్ను తీసింది. "నిజం చెప్పరా. రాసుకోవాలి."

"ఉంది అక్కా. చాలా ఉంది" అన్నాను, మావాళ్లందరికీ వినిపించేట్టు.