గట్టు మీది పొద

ఈరోజు పొద్దున నేనొక తప్పు చేశాను. నెల్లికుదురు దగ్గర మా చెలక గట్టు పొడుగునా ఉన్న పొదను జేసీబీతో పెకిలించడం మొదలుపెట్టాను. పత్తి పెట్టే ముందు ఇంకో రెండు సాళ్ల జాగా కలిసొస్తుందన్న ఆశ తప్ప వేరే కారణమేమీ లేదు. ఆ పొద ఒక కొస గుట్ట కింద మిగిలిన అడవి తునకలో ఉంటే, రెండో కొస మా పెద్దక్క బీర పందిరి దాకా వస్తుంది. దాని జోలికి పోవద్దని అక్క నిరుడే చెప్పింది. విననట్టు ఊరుకున్నాను.

తెలియక చేసిన పని కాదు. చిన్నప్పుడు ఎండాకాలమంతా నేనూ అక్కా భూపాలపల్లి వైపు అమ్మమ్మ ఊళ్లో ఉండేవాళ్లం. అడవి పెరటి దాకా వచ్చేది. పొయ్యిలో పెట్టే ముందు అమ్మమ్మ ప్రతి కట్టెనూ నేలకేసి తట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. లోపల తుమ్మెద రొద వినిపిస్తే ఆ కట్టెను చూరు కింద దాచేది. పూల మీద వాలే తేనెటీగల్లో ఆకుపచ్చగా మెరిసేవి, దోమంత ఉండి కుట్టనివి, మట్టిగోడలో బొక్కలు చేసుకునేవి, ఎన్ని రకాలో. తర్వాత జనగామలో ఉద్యోగం చేసిన ఏళ్లలో బంతిపూల మీద ఒకటో రెండో రకాలే కనిపించేవి. తేడా చూశాను గానీ ఎందుకని ఆలోచించలేదు. ఇప్పుడు అమ్మమ్మ ఊరి అడవి కూడా రోడ్లకూ చేన్లకూ మధ్య ముక్కలైంది.

జేసీబీ చప్పుడు విని అక్క వచ్చేసరికి సగం పొద నేల మీదుంది. ఎండిన మోదుగ మొద్దొకటి చీలి, లోపల తుమ్మెదలు తొలుచుకున్న గదులు బయటపడ్డాయి. బావ పోయాక అక్కకు ఆ పందిరే ఆధారం.

"పెద్దీగలంటే ఎట్లనో వస్తయ్ తమ్మీ. గీ చిన్నయి ఉత్త చెలక దాటి ఎట్ల వస్తయ్? బస్సెక్కి వస్తయా?" అంది.

మందు కొడితే కాయ నిలుస్తుందని ఏదో గొణిగాను.

"ఈగ వాలకుంట కాయ పట్టుడు నువ్వేడ జూసినవ్?"

జేసీబీని పంపించేశాను. మిగిలిన సగం పొదను ముట్టుకోలేదు. చీలని మొద్దులు రెండు మోసుకెళ్లి అక్క పందిరి గుంజలకు కట్టాను. ఖాళీ అయిన గట్టు పొడుగునా వావిలి కొమ్మలు నాటాను. అవి పొదయ్యేసరికి ఏళ్లు పడుతుంది. సాయంత్రం బీరపూలు విచ్చే వేళకు పందిరి కింద చేరి, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుతూ నడిచాను. మగపువ్వులన్నీ ఒక్క తీగె నుంచే తెంపొద్దని అక్క చెప్పింది. పక్క తీగెకు మారాను. పందిరి ఇంకా సగం మిగిలింది. రేపు మళ్లీ వెళ్తాను.