మూడో రోజు కావాలన్న మనిషి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్ళమంతా చాపల మీద కూర్చుని టీ తాగుతుంటే, క్రిస్మస్ తర్వాత అందరం కలిసి నగరానికి అవతలున్న ఆ పెద్ద వినోదాల పార్కుకు పోదామన్న మాట వచ్చింది. ఒక్క రోజు చాలని కొందరు, రాత్రి ఉండకపోతే పోయి దండగని కొందరు. "టీచరమ్మా, మీరు పోయొచ్చిన్రు కదా, ఎన్ని దినాలైతే సరిపోతది?" అని ఒకామె నన్నడిగింది. సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఐదేళ్ళ కిందట మా ఇంట్లో నెల రోజులు రభస నడిచింది. చూడ్డానికైతే ఒక్క రోజు చాలని చెప్పి, మాట పెంచకుండా గ్లాసు కడిగే వంకతో లేచాను.

మాది ఇస్నాపూర్. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసేవాడు. మాత్రల్లో వేసే మందును వండే పెద్ద పెద్ద స్టీలు రియాక్టర్ల దగ్గర ఆయన డ్యూటీ. సెలవు పెట్టమంటే ఆయనకు ఒంట్లోంచి రక్తం తీసినట్టుండేది. మా తమ్ముడి పెళ్ళికి రాత్రి డ్యూటీ దిగి నేరుగా చర్చికొచ్చి, ఫోటో దిగి, బిర్యానీ తిని, మళ్ళీ డ్యూటీకి పోయిన మనిషి. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న మా అమ్మాయి, తోటి పిల్ల ఎవరో పోయొచ్చిందని పార్కు పార్కు అని ప్రాణం తీస్తుంటే, ఒక సెలవు రోజు పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దామన్నాను. ఆయన అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "పోతే మూడు దినాలు ఉండాలె. మూడో దినం పొద్దుగూకే దాక ఉండాలె" అన్నాడు. అమ్మాయి ఎగిరి గంతేసింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

నాకు అనుమానం ఎక్కువని మా పుట్టింటివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. పేపర్లు దిద్ది దిద్ది పట్టుకున్న జబ్బది. ఇద్దరు పిల్లలు ఒకే ఒప్పు రాస్తే పట్టించుకోను, ఇద్దరూ ఒకే తప్పు రాస్తే మాత్రం మర్నాడే బెంచీలు మార్చేస్తాను. మూడు రోజులన్న మాటనూ అట్లాగే పట్టుకున్నాను. ఏముంది ఆ పార్కులో మూడు రోజులకు? అట్ట కోటలు, బొమ్మ రైలు, గుండ్రంగా తిరిగే చక్రాలు. మొదటి రోజు తిరిగిన చక్రమే రెండో రోజూ తిరుగుతుంది. పైగా ఆయన చెప్పిన రోజులు శుక్ర, శని, ఆదివారాలు. క్వయర్‌లో పాడే మనిషి, జ్వరమొచ్చినా ఆదివారం చర్చి మాననివాడు, ఆ ఆదివారం మానేస్తానంటున్నాడు. మూడు రోజుల సెలవే దొరికితే జోగిపేట దగ్గర మా అమ్మ వాళ్ళింటికి పోదామని పరీక్ష పెట్టాను. "ఆడ వద్దు. ఆడ అందరు మనోళ్ళే" అన్నాడు. మనవాళ్ళు లేని చోటు వెతుక్కునే మనిషిని ఏ పెళ్ళామైనా ఏమనుకుంటుంది?

నిజానికి ఆ వానాకాలం నుంచే ఆయన వరస మారింది. నా వంటకు వంకలు పెట్టందే ముద్ద దిగని మనిషి, పాలు కొంచెం అడుగంటినా ముందింట్లోంచే కేకేసే మనిషి, ఒక రోజు నేను చూసుకోకుండా వడ్డించిన పాసిపోయిన పప్పును మారు పెట్టించుకుని తిన్నాడు. పులుపు జెర ఎక్కువైనట్టుందని మాత్రం అన్నాడు. నేను రెండో ముద్దకే లేచి పోయి ఉమ్మేశాను. మా అత్తమ్మ గోడకానుకుని ఇదంతా చూసి, ఆయన చెయ్యి కడుక్కోవడానికి పోగానే నా చెవిలో ఊదింది. "మొగోడు సప్పుడు జెయ్యకుంట తింటుండంటే ఏదో జేసిండన్నట్టే, సూస్కో." కన్నతల్లే అంత మాటన్నాక నాకింకేం కావాలి? దానికి తోడు కొత్తగా అత్తరు మొదలైంది. రోజుకు రెండు స్నానాలు, మెడ నిండా పౌడరు, చొక్కా మీద అత్తరు. డ్యూటీకి పోయే ముందు కాలరు ముందుకు లాగి, వాసనొస్తుందా జెర చూడు బిడ్డా అని అమ్మాయిని అడిగేవాడు. రియాక్టర్లకు అత్తరెందుకు? ఉతికేటప్పుడు జేబులు తిప్పి చూశాను. ఆయనతో పనిచేసే ఒకాయన భార్యను మాటల్లో పెట్టి ఆరా తీశాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోతే అనుమానం చల్లారుతుందని అనుకుంటారు గానీ, నా అనుభవంలో అది అప్పుడే ముదురుతుంది. చివరికి మూడు రోజులకూ ఒప్పుకున్నాను. ఆయన మీద ప్రేమతో కాదు, దొంగను పట్టాలంటే దొంగ పక్కనే ఉండాలి కదా అని.

పార్కులో మొదటి రోజంతా అమ్మాయి వెంట పరుగులే సరిపోయాయి. ఆయన ఒక్క ఆటా ఎక్కలేదు. రాత్రికి పార్కు లోపలే ఉన్న హోటల్లో పడుకున్నాం. రెండో రోజు తెల్లవారి నేను లేచేసరికి పక్క మీద లేడు. కాసేపటికి వచ్చాడు, ప్యాంటు అంచులు మంచుకు తడిసి ఉన్నాయి. టీకి పోయానన్నాడు. గదిలోనే టీ పెట్టుకునే కెటిలుంది. ఆ రోజంతా ఆయన ఫోను మీదే నా కన్ను. మూడో రోజు, ఆదివారం, నేను శాలువా కప్పుకుని దొంగనిద్ర పోయాను. ఆయన తలుపు మెల్లగా దగ్గరికేసి పోగానే, పది అడుగుల వెనక నేనూ బయలుదేరాను. పొద్దున్నే బైబిలు చదువుకోవలసిన దాన్ని, హోటలు తోటలో సున్నమేసిన ఏనుగు బొమ్మ వెనక నక్కాను.

తోటలో ఎవరూ రాలేదు. ఆయన ఫోను తీయలేదు. మల్లె చెట్టు దగ్గర ఆగి, పువ్వు తెంపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, పారేశాడు. ఏదో ఆకు నలిపి చూశాడు. హోటలు వంటింటి వెనక తలుపు దగ్గర, లోపల ఉల్లిగడ్డ పోపు ఘాటు నా దాకా వస్తుంటే, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత మురికి కాలువ దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దాని మీదికి వంగి, గుండె నిండా గాలి పీల్చాడు. దూరంగా ఉన్న నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ పీల్చాడు. నాకు భయమేసి ఏనుగు వెనక నుంచి బయటికొచ్చి, ఏం చేస్తున్నారని అడిగాను.

ఆయన ఉలిక్కిపడలేదు. "బయటికి పోతే మూడో దినానికి ముక్కు తెరుచుకుంటదంటరు కదా" అన్నాడు. "నాకు తెరుచుకోలే."

మా వైపు ఇంటింటికీ తెలిసిన మాట అది. కొత్తగా వచ్చినవాళ్ళు ఫ్యాక్టరీల వాసనకు వారం రోజులు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు, ఆ తర్వాత వాసనా, ఏం వాసన అంటారు. ఊరు విడిచి మూడు రోజులుంటే ముక్కు మళ్ళీ పనిచేస్తుంది. అమ్మ వాళ్ళింట్లో జొన్నరొట్టె వాసన నాకూ మూడో రోజుకే అందుతుంది. ఇంత తెలిసి కూడా నేను అత్తరు సీసా చూసి ఇంకొక ఆడమనిషిని వెతికాను. తన ఒంటికి మందుల వాసన ఉందో లేదో తనకే తెలియక ఆయన పూసుకున్నదది.

కాలువ గట్టు మీదే కూర్చుని మిగతాది చెప్పాడు. వానల్లో జలుబు చేసింది. జలుబు పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. ఒక రోజు ప్లాంటులో గొట్టం అతుకు దగ్గర ఆవిరి లీకయింది. దాని పక్కనే నిలబడి ఈయనకు తెలియలేదు. ఎక్కడో దూరాన ఉన్న ఒడిశా ఆపరేటరు పరుగెత్తుకొచ్చి కాలరు పట్టి లాగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఆ ఒడిశా అతను పక్కన లేకుండా ఈయన డ్యూటీ చేయడం లేదు. "వాని ముక్కు మీద నేను బతుకుతున్న. నన్ను నమ్మి ఎనిమిది మంది లోపట నిలబడ్తరు" అన్నాడు. చెబితే ప్లాంటులోంచి తీసేస్తారు. ఆ పని తప్ప ఇంకోటి రాదు. అందుకే ఎవరూ ఎరగని చోటికొచ్చి తనకు తాను మూడు రోజుల గడువు పెట్టుకున్నాడు. తెరుచుకుంటే ఎవరికీ చెప్పే పనే ఉండదనుకున్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయన జేబులు తిప్పిన చేతులను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆయన నేల చూపులు చూస్తూ, "ఇంకొక్క దినం ఉందామా?" అన్నాడు. నెల రోజులు ఒక్క రోజు చాలని పోట్లాడినదాన్ని నేనే. మర్నాడు సోమవారం, ఆయనకు పొద్దుటి డ్యూటీ, నాకు బడి. ఆయన ప్లాంటులో లేకపోతేనే ఆ ఎనిమిది మందికి ఆ రోజు క్షేమమని తోచింది.

"ఉందాం. గాని రేపు కూడ గిట్లనే ఉంటే, మంగళారం గేటు లోపటికి పోంగనే ఇన్‌చార్జికి చెప్పాలె. మీరు చెప్పకుంటే నేనొచ్చి చెప్త."

తలూపాడు. నేను హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. బడికి నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. ఇంకొక రోజు ఉంటున్నామంటే మా అమ్మాయి నమ్మలేక, తనకే ఏదైనా జబ్బు చేసిందా అని అడిగింది.

మంగళవారం ఆయన మాట నిలబెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి స్టోర్సుకు మార్చారు, పగటి డ్యూటీ. నెల దాకా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. డాక్టరు చూద్దామన్నాడు, ఇప్పటికీ చూద్దామనే అంటున్నాడు. అత్తమ్మ మాత్రం అసలు సంగతి తెలిశాక నన్నే తిట్టింది, కట్టుకున్నోని మీద గట్ల అనుమానమేందని.

ఆ నాలుగో రోజు సంగతి ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున మల్లె చెట్టు దగ్గరే, ముక్కు తెరుచుకోలేదని మా ఇద్దరికీ తెలిసిపోయింది. టిఫిను తిని బయలుదేరి ఉంటే మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళం. కూర్చున్న బెంచీ మీంచి లేవలేదు. అమ్మాయి వచ్చి పక్కన కూలబడితే, ఆయన దాని నడినెత్తి మీద ముక్కు పెట్టి కాసేపు అట్లాగే ఉన్నాడు. అది చిరాకుపడి తల విదిలించుకుని మళ్ళీ ఆటలకు పరుగెత్తింది. మేమిద్దరం ఆ బెంచీ మీదే పొద్దుగూకే దాకా ఉన్నాం. షిఫ్టుల మధ్య గడిచిపోయిన మా కాపురంలో ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చున్న పూట అదొక్కటే, అంత పొడుగైన పూట మళ్ళీ మాకు రాలేదు.