గంగాలమ్మ గాజులు

పైడయ్యకి అబద్ధం చెప్పడం రాదు. నిన్నటి చేపని ఇవాళ్టిదని అమ్మమంటే గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టు గిలగిల్లాడిపోతాడు. అందుకే భీమిలి బస్టాండు దగ్గర బేరమంతా అతని పెళ్లాం మహాలక్ష్మమ్మదే. ఆవిడ బుట్ట దించి నోరు తెరిచిందంటే చచ్చిన చేప కూడా లేచి కళ్లు మిటకరించాల్సిందే. అలాంటి పైడయ్య ఒక్క నిజం చెప్పి కన్నకూతురి ఉద్యోగానికి ఎసరు పెట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? పెట్టాడు మరి. అదీ నలుగురిలో, మైకు పట్టుకుని, చప్పట్ల మధ్య!

పైడయ్య పుట్టి పెరిగింది భీమిలి ఒడ్డునున్న వాడలోనే. కుర్రతనంలో కొన్నాళ్లు విశాఖ హార్బరుకి పోయి మరబోటు ఎక్కాడు. ఇంజను మోత పడలేదు, బోటు నడిపేవాడి తిట్లు అంతకన్నా పడలేదు. ఒకనాడు వాడి చెంప ఛెళ్లుమనిపించి ఇంటికొచ్చేశాడు. అప్పట్నుంచీ ఒడ్డున అలివి వలే అతని లోకం. వలని పడవలో తీసుకెళ్లి నీళ్లలో చుట్టూ వేసి వస్తారు. దాని రెండు కొసలూ పట్టుకుని వాడంతా ఒడ్డు నుంచి లాగుతారు. ఆడా మగా, ముసలీ ముతకా ఎవరు తాడు మీద చెయ్యి వేసినా వాళ్లకింత చేప దక్కుతుంది. వల చివరి సంచికి కళ్లు మరీ సన్నం. అందులోకి పడనిదంటూ ఉండదు.

ఆ సంచి అడుగున, పెద్ద చేపలన్నీ ఏరేశాక, వేలిగోరంత పిల్లలు కొన్ని మిగులుతాయి. అద్దంలా ఉంటాయి, అటు ఇసక ఇటు కనబడుతుంది. వాడలో వాటిని గంగాలమ్మ గాజులంటారు. సముద్రాన్ని ఏలే ఆ తల్లి చేతులు కడుక్కుంటుంటే జారిపడ్డ గాజు పెంకులట అవి. వాటిని తినకూడదు, అమ్మకూడదు, తేరిపార చూడనుకూడదు. వాడ పెద్ద వాటిని దోసిట పట్టి, మొహం పక్కకి తిప్పుకుని, తిరిగి నీళ్లలో వదిలేయాలి. తండ్రి పోయాక ఆ పని పైడయ్యకి వచ్చింది. మెడ ఒక పక్కకి తిప్పీ తిప్పీ అతనికి అదొక వాటంగా మారిపోయింది.

అతనికున్నది ఒక్కతే కూతురు, సూర్యకళ. వాడలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. జువాలజీ అంటే ఏమిటో పైడయ్యకి తెలియదు. "సేపల సదువు" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. సముద్రం మీద బతికేవాడి కూతురు ఆ సముద్రం గురించే చదువుతోందంటే అతనికి అదొక గర్వం. తొంభైలు ముగిసేవేళకి ఆ పిల్లకి మల్కాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరుగా పని దొరికింది. అక్కడే ఉంటున్న పిన్ని జోగమ్మ ఇంట్లో వారమంతా ఉండి, ఆదివారాలు ఇంటికి వచ్చేది.

ఆ స్కూలు పెట్టినాయన ఆశీర్వాదం గారు. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఉన్నదంతా పెట్టి రిఫైనరీ కార్మికుల పిల్లల కోసం ఆ స్కూలు కట్టాడు. రాని పిల్లల ఇళ్లకి సైకిలేసుకుని తనే వెళ్లి పిలుచుకొచ్చేవాడు. మంచివాడే, కాదనడానికి లేదు. కాకపోతే దైవభక్తి మెండు. పదో తరగతిలో పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా ఆయన క్లాసు బయట నించుని వినేవాడు. విని ఊరుకుంటేనా!

"దేవుడు ఏ జాతికాజాతిని చేసి మధ్యలో గట్టు వేశాడమ్మా," అనేవాడు స్టాఫ్ రూములో. "గట్టు లోపల ఎంతైనా మారనీ, నేను కాదనను. కుక్కల్లో ఎన్ని రకాలు లేవు? కానీ కుక్క పిల్లి అయిందా? గట్టు దాటదు."

"ఆ గట్టు ఎక్కడుందో చూపించండి సార్," అనేది సూర్యకళ. "చిన్న మార్పు మీద చిన్న మార్పు, తరాల తరబడి పోగుపడుతుంటే ఫలానా చోట ఆగిపోవాలని ఎవరు చెప్పారు?"

ఆ పిల్లది తల్లి నోరే. ఆయన అలిగేవాడు కాదు గానీ, వదిలేవాడూ కాదు. సైన్సు ఎగ్జిబిషన్‌లో తల్లిదండ్రుల ముందే ఈ సంగతి తేల్చుకుందామన్నాడు. అప్పటికి ఆమె ఉద్యోగం ఇంకా టెంపరరీయే. పర్మనెంటు మాట అడిగితే, "ఎగ్జిబిషన్ కానివ్వమ్మా, చూద్దాం," అన్నాడు. ఆ 'చూద్దాం' విన్న దగ్గర్నుంచీ సూర్యకళకి నిద్ర లేదు. వాదనలో నెగ్గకపోతే ఇంటికి పంపించేస్తారని ఆమె భయం. ఆ భయాన్ని తెచ్చి తల్లికీ తండ్రికీ కూడా అంటించింది.

"నాన్నా, ఎగ్జిబిషనుకి నాలిక సేపలు కావాల. నువ్వే తేవాల," అంది.

నాలిక చేప తెలుసుగా? నాలుకలా బల్లపరుపుగా ఉండి, బురదలో పక్కకి పడుకుంటుంది. రెండు కళ్లూ ఒకే వైపు ఉంటాయి. పైడయ్య మంచివి ఏరి, గోనెపట్టాలో చుట్టి, ఉతికిన పంచె కట్టుకుని, పెళ్లాన్ని వెంటేసుకుని రెండు బస్సులు మారి మల్కాపురం చేరాడు. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతని ఆనందం చూడాలి!

సూర్యకళ చేపని ఎత్తి చూపించింది. దీని పూర్వీకులు మిగతా చేపల్లాగే నిటారుగా ఈదేవని, కళ్లు అటొకటి ఇటొకటి ఉండేవని, బురదలో పక్కకి పడుకోవడం అలవాటయ్యాక తరాల తరబడి కింది కన్ను మెల్లమెల్లగా పైకి జరిగిందని చెప్పింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

ఆశీర్వాదం గారు లేచాడు. "బాగుంది. మరి కన్ను సగం దారిలో ఉన్నప్పుడు ఆ చేప గతి ఏమిటి? ఇటూ చూడలేక, అటూ చూడలేక చావదా? సగం జరిగిన కన్నుతో బతికిన చేపని ఎవరైనా చూశారా?" అని, ముందు వరసకి తిరిగాడు. "మన టీచరమ్మ నాన్నగారే ఇక్కడున్నారు. పుట్టినప్పట్నుంచీ సముద్రం మీద బతికిన మనిషి. మీరు చెప్పండి పైడయ్య గారూ, ఎప్పుడైనా చూశారా?"

గారూ అన్నాడు! చేతికి మైకిచ్చాడు! పైడయ్య ఛాతీ ఉప్పొంగింది. గొంతు సవరించుకున్నాడు.

"సూడనేదు బాబూ. మా తాత కాలం కాడ్నుంచీ నాలిక నాలికే. రెండు కళ్లూ ఒక పక్కనే. పుట్టుకే అలగ. సగం కన్ను నాలికని నానే కాదు, మా వాడలో ఎవులూ సూడనేదు."

హాలంతా చప్పట్లు. పైడయ్య అందరికీ దణ్ణం పెట్టి, నవ్వు మొహంతో కూతురి వైపు చూశాడు. సూర్యకళ చేతిలో చేప అలాగే ఉంది. మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. అప్పటికి గానీ అతనికి తను ఏం చేశాడో తలకెక్కలేదు.

తిరుగు బస్సులో మహాలక్ష్మమ్మ దులిపేసింది. "ఏటి మావా, నీకు బుర్రున్నాదా? గుంట ఉజ్జోగం ఊడగొట్టీసినావు! సూసినానని ఒక్క ముక్క సెప్తే నీ సొమ్మేటి పోయింది?"

"సూడందాన్ని సూసినానని ఎలగ సెప్తానే?"

"అయితే నోరు మూసుకుని కూకోవాల!"

సీతమ్మధారలో ఎక్కినవాళ్లెవరో వెనక సీట్లోంచి వింటున్నారని కూడా ఆవిడ చూసుకోలేదు. భీమిలి వచ్చేదాకా తిడుతూనే ఉంది. పైడయ్యకి ఆ తిట్లే నయమనిపించాయి. మల్కాపురంలో బస్సెక్కించిన కూతురు మాత్రం టికెట్టు డబ్బులు చేతిలో పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, అదే అతన్ని కోసేసింది.

ఆదివారం సూర్యకళ ఇంటికొచ్చింది. అలిగి మూల కూర్చుంటుందేమో అనుకున్నాడు. ఆ పిల్ల తిన్నగా ఒడ్డుకి వచ్చి, వల లాగుతున్న తండ్రి పక్కన తనూ తాడు పట్టుకుంది. సంచి ఒడ్డుకి చేరి, పెద్ద చేపల్ని ఏరడం అయ్యాక మెల్లగా అడిగింది.

"నాన్నా, ఆ గాజులు ఓపాలి నాకియ్యి."

"ఏటి? తల్లి గాజులా! మతుండే అంతన్నావా?"

"నాలిక సేప పిల్లప్పుడు అన్ని సేపల్లాగే ఉంటాదని సదివినాను. మరి దాని పిల్లలేవి నాన్నా? ఎప్పుడన్నా సూసినావా?"

పైడయ్య మనసులో లెక్కేసుకున్నాడు. పండుగప్ప పిల్ల తెలుసు, కవ్వళ్ల పిల్ల తెలుసు. నాలిక పిల్ల? అరచేతంత నాలికని చూశాడు గానీ, అంతకన్నా చిన్నది ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ సంగతి తట్టలేదే!

"అవి తల్లి గాజులమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి. "వాటికి పెరుగుదలుండదు. అలగే పుట్టి అలగే పోతాయి."

"ఎవులు సూసినారు?"

ఎవులూ చూడలేదు. చూడకూడదు కనక చూడలేదు. అటు చూస్తే తల్లి కోపం, ఇటు చూస్తే కూతురి బతుకు. మహాలక్ష్మమ్మ అప్పుడే, "వద్దు మావా, వద్దు," అంటూ పరిగెత్తుకొస్తోంది. పైడయ్య సముద్రానికి ఎదురుగా నించుని పెద్దగానే చెప్పుకున్నాడు. "తల్లీ, తప్పు నాది. మైకులో వాగింది నాను. ఓపాలి సూసి నీకాడికే ఒగ్గెత్తాను. కోపమొత్తే నా మీద సూపించు, గుంట మీద కాదు."

తెల్లటి పింగాణీ పళ్లెంలో సముద్రం నీళ్లు పోసి, దోసిట పట్టిన పిల్లల్ని అందులో వదిలాడు. సూర్యకళ భూతద్దం పెట్టి వంగింది. కాసేపటికి నవ్వడం మొదలెట్టింది. ఏడుస్తోందేమో అని కంగారుపడ్డాడు పైడయ్య. "నువ్వు సూడు నాన్నా, నువ్వు సూడాల!" అని భూతద్దం అతని చేతిలో పెట్టింది.

అతని మెడ అలవాటుగా పక్కకి తిరిగింది. బలవంతాన తిప్పి చూశాడు. గాజు పెంకులన్నీ ఒక రకం కాదు. ఏవేవో చేపల పిల్లలు కలిసి ఉన్నాయి. వాటిలో కొన్ని ఆకులా పలచగా ఉన్నాయి. అందులో ఒకదానికి కళ్లు అటొకటి ఇటొకటి. దాని పక్కదానికి ఒక కన్ను నడినెత్తి మీదికెక్కి, గోడ మీంచి తొంగిచూసే పిల్లాడిలా చూస్తోంది. ఇంకోదానికి రెండు కళ్లూ ఒక పక్కకి చేరిపోయి, ఒళ్లు అప్పుడే మసకబారుతోంది. అది పళ్లెం అడుగున పక్కకి ఒరిగి పడుకుంది, అచ్చం నాలిక చేపలా.

"ఓలమ్మా!" అని ఇసకలో చతికిలబడ్డాడు పైడయ్య. "నాలికే! ఓలే మాలచ్చీ, ఇది మన నాలికేనే! ఇన్నాళ్లూ నాను నాలిక పిల్లల్ని ఒగ్గేసినాను!"

మిగతావన్నీ నీళ్లలో వదిలేసి, ఆ నాలిక పిల్లలకి మాత్రం తల్లిని ఇంకో రోజు గడువడిగి, మర్నాడు వాటిని సీసాలో వేసుకుని, కూతురి వెంట మళ్లీ మల్కాపురం వెళ్లాడు. ఆశీర్వాదం గారి గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, ఆ దినం నాను సెప్పింది తప్పు. అబద్ధం కాదు, తప్పు. సగం కన్నుది ఉన్నాది. నాను సూడకుండా మొహం తిప్పుకున్నాను, అంతే."

ఆయన కళ్లజోడు తుడుచుకుని, భూతద్దంతో సీసాలోకి చాలాసేపు చూశాడు. తలెత్తి, "ఇది ఒక చేప పెరగడమే కదమ్మా. ఒక జాతి ఇంకో జాతి కావడం కాదుగా?" అన్నాడు.

"కాదు సార్," అంది సూర్యకళ. పైడయ్య కంగారుగా కూతురి వైపు చూశాడు. ఇదేం పిల్ల, గెలిచే ముందు ఒప్పేసుకుంటుంది! "గట్టు లేదని దీంతో తేలిపోదు. కానీ కన్ను సగం దారిలో ఉంటే చేప చచ్చిపోతుందన్నారు. చావలేదు సార్. నిన్న పళ్లెంలో ఈదింది."

ఆశీర్వాదం గారు మళ్లీ సీసా అందుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వేశాడు. "సరేనమ్మా. నా గట్టు ఉంది. కాస్త అవతలికి జరుపుకుంటాను."

ఇంక పైడయ్య ఉండబట్టలేకపోయాడు. "మరి గుంట ఉజ్జోగం బాబూ?"

"ఉద్యోగానికేమైంది?"

"సూద్దాం అన్నారంట కదా."

ఆయన తెల్లబోయాడు. "అయ్యో! ఎగ్జిబిషన్ పనుల్లో తీరిక లేక అన్న మాట అది. ఈమెని పంపించేస్తే వచ్చే ఏడు నేనెవరితో వాదించుకోవాలి? పర్మనెంటే, పర్మనెంటే! ముందు మీరు కూర్చోండి పైడయ్య గారూ."

ఈసారి పైడయ్య కూర్చున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. కూతురు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ రోజు రిఫైనరీ వాసన కూడా అతనికి బాగానే అనిపించింది.

తర్వాత చాలా ఏళ్లు ఆశీర్వాదం గారూ సూర్యకళా ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ వాదించుకున్నారు. ఆయన గట్టూ పోలేదు, ఆమె ప్రశ్నా తగ్గలేదు. భీమిలి ఒడ్డున కూడా ఆచారం పోలేదు. పైడయ్య ఇప్పటికీ గంగాలమ్మ గాజుల్ని నీళ్లలోకే వదులుతాడు. మొహం మాత్రం తిప్పుకోడు. దోసిలి కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూసి, అల వచ్చేదాకా ఆగి వంగుతాడు.

"ఎల్లండమ్మా," అంటాడు, "కన్ను తిప్పుకుని రండి."