చివరింటి కేక

ఆ పేటలో ఏడు వీధులకీ నీళ్ళు వదిలే మనిషి ఒక్కడే. అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకి నీళ్ళ తాతయ్య, నడివయసువాళ్ళకి నీళ్ళ బాబాయి, ముసలివాళ్ళకి ఒరేయ్ నీళ్ళోడా. ఎలా పిలిచినా పలికేవాడు. నోట్లో నాలుక లేని మనిషని పేటంతా అనుకునేది. నాలుక లేకేం, ఉంది. దాన్ని తిప్పడమే రాదు.

అతనికి తిప్పడం వచ్చిందల్లా వాల్వు. దాన్ని తిప్పడానికి ఛాతీ ఎత్తు ఇనపకడ్డీ, పైన అడ్డంగా పిడి, కింద చదరపు మూతి. ప్రతి వీధి మొదట్లోనూ ఇనపమూత కింద గోతిలో ఓ వాల్వు ఉంటుంది. మూత పక్కకి లాగి, కడ్డీ దింపి, పద్నాలుగు చుట్లు తిప్పితే ఆ వీధికి నీళ్ళు. వీధికి నలభై నిమిషాలు. తర్వాత కట్టేసి పక్క వీధికి నడవాలి. పొద్దున్న ఆరింటికి ఒకటో వీధితో మొదలుపెడితే ఏడో వీధికి వచ్చేసరికి పది దాటేది. ఎండైనా వానైనా ఇరవైరెండేళ్ళుగా అదే వరస.

ఆ పనికి ఓ పద్ధతుంది. గొట్టాలు తాతలనాటివి. ఎక్కడ గాలి పడుతుందో, ఎక్కడ చెత్త అడ్డుపడుతుందో ఎవరికీ తెలీదు. అందుకని ప్రతి వీధిలోనూ చివరింటివాళ్ళు కుళాయి దగ్గర నిలబడి, నీళ్ళు రాగానే ఓ కేక వెయ్యాలి. కేక వినబడితే వాల్వు దగ్గరున్నవాడు నిశ్చింతగా కూర్చోవచ్చు. పది నిమిషాలైనా వినబడకపోతే వీధి చివరిదాకా నడిచివెళ్ళి చూసుకోవాలి. ఇది ఏ కాగితంలోనూ రాసి లేదు. అతనికి పని నేర్పిన పెద్దాయన నోటిమాటగా చెప్పాడు, ఇతను దాన్ని శిలాశాసనం చేసుకున్నాడు.

ఒకటో వీధి చివర రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. ఆయన కేక వెయ్యడు, విజిల్ ఊదుతాడు. రెండో వీధి చివర ఒక పెద్దావిడ గరిటెతో పళ్ళెం మీద వాయించేది. మూడో వీధి చివర టైలరమ్మ.

టైలరమ్మ మనిషి పిట్టంత, గొంతు మాత్రం ఊరంత. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. కిటికీ పక్కన మిషను వేసుకుని స్కూలు యూనిఫాములు కుట్టేది, ప్యాంట్లకి జిప్పులు మార్చేది, లావైనవాళ్ళకి చొక్కాలు వదులు చేసిపెట్టేది. మూడో వీధి మధ్యలో ఓ మలుపుంది. ఆ మలుపులో రెండంతస్తుల పసుపురంగు మేడ అడ్డంగా ఉండడంవల్ల వాల్వు దగ్గర్నుంచి ఆమె గుమ్మం కనిపించేది కాదు. "ఏమండోయ్, వచ్చాయండోయ్!" అనే కేక మాత్రం మేడ చుట్టూ తిరిగి, ఇతని చెవిలో పడేది.

పేటంతా అతనికి ఏదో ఒక వరస కలిపింది. ఈవిడ ఒక్కర్తే కలపలేదు. అన్నయ్య అనలేదు, బాబాయి అనలేదు, ఉత్తి ఏమండోయ్. ఈ సంగతి అతను పదకొండో ఏట గమనించాడు. చురుకైనవాడే మరి! గమనించిన రోజు నాలుగో వీధికి పావుగంట ఆలస్యంగా నీళ్ళొచ్చాయి. ఎందుకయ్యా అంటే తడబడి, కడ్డీ జారిందన్నాడు.

అతనిదీ ఒంటి బతుకే. కూతురికి ఆరేళ్ళప్పుడు భార్య జ్వరంతో పోయింది. జడలు వెయ్యడం నేర్చుకుని, వంకరటింకర పాపిట్లు తీసి, కూతుర్ని స్కూలుకి పంపి పెంచాడు. ఇప్పుడా పిల్ల మందులషాపులో పని చేస్తోంది. పెళ్ళయి, నాలుగు వీధుల అవతల కాపురం ఉంటోంది.

అతను పనిలో చేరిన మొదటి ఏళ్ళలో, వారానికి ఒకటి రెండుసార్లు మూడో వీధి కేక వచ్చేది కాదు. పది నిమిషాలు చూసి, వీధంతా నడిచి వెళ్ళేవాడు. వెళ్ళేసరికి టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉండేది. కుళాయి కింద బకెట్టు ముప్పావు నిండి ఉండేది.

"ఇప్పుడే వచ్చాయండీ. మీరు అడుగుపెట్టారు, నీళ్ళొచ్చాయి" అనేది.

"గాలి పట్టినట్టుందండీ."

"ఏమో, నాకేం తెలుస్తుంది?"

ఓ గ్లాసుడు నీళ్ళు ఇచ్చేది. అతను వదిలిన నీళ్ళు అతనికే. తాగేలోపల రెండు మాటలు. ఒకసారి అతని చొక్కా గుండీ వేలాడుతుంటే చూసి, "కదలకుండా నిలబడండి" అని, చొక్కా ఒంటి మీదుండగానే నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపింది. అప్పుడామె తల సరిగ్గా అతని గడ్డం కింద ఉంది. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. ఆ చొక్కా చిరిగి పేలికలయ్యాక కూడా ఆ గుండీని కోసి దాచుకున్నాడు.

దానికి అతను చేసిన నిర్వాకం ఏమిటో వినండి. పాపం, ఈవిడకి నీళ్ళు ఆలస్యమవుతున్నాయే అని బెంగపడ్డాడు. ఒక సెలవురోజు పని పెట్టుకుని, మూడో వీధి వాల్వు విప్పి, గ్రీజు దట్టించి, గొట్టంలో పేరుకున్న మన్నంతా తోడించాడు. ఆ రోజు నుంచీ ఆ ఒక్క వీధికీ పద్నాలుగు చుట్లు కాదు, పదహారు. మర్నాడు వెళ్ళి ఛాతీ విరుచుకుని, "ఇక మీకు ఇబ్బంది లేదండీ. మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి. పూచీ నాది" అన్నాడు.

టైలరమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. "సంతోషం" అంది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు మూడో వీధి కేక ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. అతనికి ఆ వీధి చివరికి వెళ్ళే పనీ పడలేదు. తన పనితనానికి తనే మురిసిపోయాడు. మురిసిపోతూనే, ఎందుకిలా మనసు మనసులో ఉండడం లేదో తెలీక తికమకపడ్డాడు.

ఈలోగా పేటకి కొత్తరోజులొచ్చాయి. ఒక్కో ఇల్లూ కూలి అపార్టుమెంటు లేచింది. అపార్టుమెంట్లకి సొంత బోర్లు, నెత్తిన ట్యాంకులు. వాల్వుతో వాళ్ళకేం పని? డ్రిల్లు మాస్టారు ఇల్లమ్మేసి ఎటో వెళ్ళిపోయాడు. పళ్ళెం పెద్దావిడ కాలం చేసింది. ఒక్కో వీధి మూగబోతుంటే, ఒక్కో గోతిలో కాంక్రీటు పోస్తూ వచ్చారు. చివరికి మూడో వీధి మిగిలింది. దాన్ని ఒక కంపెనీ టోకున కొనేసింది. ఇళ్ళు ఖాళీ అయ్యాయి, తలుపులూ కిటికీలూ లారీలెక్కాయి. అద్దెకున్న టైలరమ్మ ఒక్కతే, కుట్టాల్సిన బట్టలు కుట్టి ఇచ్చేదాకా కదలనని కూర్చుంది.

మలుపులో ఉన్న పసుపు మేడ కూల్చిన మర్నాడు అతను కడ్డీ పట్టుకుని వీధి మొదట్లో నిలబడి, తలెత్తి చూశాడు. కనిపించింది. నీలంరంగు తలుపు, కిటికీలో మిషను చక్రం, గుమ్మంలో ఆమె. ఇరవైరెండేళ్ళలో మొదటిసారి! ఆనందం పట్టలేక పదిహేడు చుట్లు తిప్పాడు. చెవులు రిక్కించాడు.

కేక రాలేదు. టైలరమ్మ గుమ్మంలోంచి చెయ్యెత్తి ఊపింది.

న్యాయమే. కనబడుతుంటే గొంతు చించుకోవడమెందుకు? ఆ రోజూ చెయ్యే, మర్నాడూ చెయ్యే. అతనికి అన్నం సయించడం మానేసింది. ఆమె కళ్ళెదుట ఉంది, కేక లేదు. అడ్డంగా ఉన్నంతకాలం ఆ మేడని తిట్టుకున్నవాడు, దాన్ని మళ్ళీ కట్టేస్తే బాగుండునని లోపల్లోపల కోరుకున్నాడు.

"ఏం నాన్నా, మొహం అలా వేలాడేశావు?" అంది చూడ్డానికి వచ్చిన కూతురు.

"కేక వెయ్యడం మానేసిందమ్మా."

ఎవరని ఆ పిల్ల అడగలేదు. చిన్నప్పట్నుంచీ వింటున్న కేకే. "అడిగెయ్ నాన్నా. ఎన్నాళ్ళిలా నీళ్ళు నములుతావు?" అంది.

"ఏమని అడగను?"

"మా ఇంటికి వచ్చి ఉంటారా అని. నేను వెళ్ళాక నా గది ఖాళీగానే ఉందిగా. కిటికీ ఉంది, మిషను పడుతుంది."

"లోకం ఏమనుకుంటుందే?"

"ఏ లోకం నాన్నా? మూడో వీధి లోకమంతా సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. అనుకోవడానికి ఎవరు మిగిలారని?" అని నవ్వి, "అడగనిదే అమ్మయినా పెట్టదు" అని తండ్రి చేతికి చొక్కా అందించింది.

ఆ వారంలోనే ఆఫీసు నుంచి కబురొచ్చింది. శుక్రవారంతో మూడో వీధి వాల్వు కూడా మూసెయ్యాలి. టైలరమ్మ గురువారం పొద్దున్నే బయల్దేరుతోందని కూడా తెలిసింది. చెల్లెలింటికట, ఊరికి ఆ చివరకి.

గురువారం అతను నున్నగా గడ్డం గీసుకున్నాడు. పదహారు చుట్లూ తిప్పాడు. వీధి చివర ఆమె చెయ్యి ఊగింది. అప్పుడు జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. నీళ్ళు పారుతుండగా, చివరింటికి అందాయని తెలిసి కూడా, వాల్వు వదిలేసి నడవడం మొదలుపెట్టాడు.

గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. మిషను అప్పటికే ఎక్కించారు.

"ఇదేంటండీ, ఇలా వచ్చారు? చెయ్యి ఊపానుగా" అంది టైలరమ్మ.

"ఊపారు. అయినా ఓసారి చూద్దామని..." కుళాయి వైపు తిరిగాడు. "కుళాయి బాగానే వస్తోందా అండీ?"

చూశారా! అడగడానికి వచ్చిందేమిటి, అడిగిందేమిటి!

"మొదట్నుంచీ బాగానే వస్తోంది" అంది.

"లేదండీ, మొదట్లో గాలి పట్టేది కదా."

"గాలీ లేదు, మన్నూ లేదు. ఎప్పుడూ నాలుగో నిమిషానికే వచ్చేవి." పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, కుళాయి వైపు చూస్తూ చెప్పింది. "కేకే నేను వేసేదాన్ని కాదు. పది నిమిషాలు దాటితే మీరు వచ్చి చూస్తారని, మీకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. మీరేమో వెళ్ళి వాల్వుకి గ్రీజు పెట్టారు."

"మరి... ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"రోజూ పిలుస్తూనే ఉన్నానుగా, పేటంతా వినేట్టు" అంది.

ఆటోవాడు హారన్ కొట్టాడు. "పక్కకి జరుగు బాబాయ్, టైమవుతోంది."

"మా అమ్మాయి గది ఖాళీగా ఉందండీ" అన్నాడు అతను గబగబా. "కిటికీ కూడా ఉంది."

టైలరమ్మ ఆటోలో ఒక కాలు పెట్టి ఆగింది. ఆ తర్వాతి మాట కోసం ఆగింది. ఇంకా ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క అంటే చాలు. వీధి మొదట్లో తెరిచి వదిలేసిన గొయ్యి గుర్తొచ్చిందో, ఆటోవాడు చూస్తున్నాడనిపించిందో, "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాడు.

ఆమె తలూపి రెండో కాలు కూడా లోపల పెట్టుకుంది. చెల్లెలిది ఏ వీధో అడగాలని అతనికి ఆటో మలుపు దాటాక తోచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

శుక్రవారం కాంక్రీటు పోసే మేస్త్రి పదింటికి వస్తానన్నాడు. అతను మాత్రం ఎప్పటి వేళకే ఏడున్నరకి వచ్చి మూత లాగాడు. ఇక నీళ్ళు వదలక్కర్లేదని ఆఫీసువాళ్ళు చెప్పారు. అయినా కడ్డీ దింపి, పదహారు చుట్లూ తిప్పాడు. వీధి చివర నీలం తలుపు లేదు, రాత్రికి రాత్రే పీకేశారు. గుమ్మం ఉన్నచోట ఖాళీగా ఉంది. చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మూడు నిమిషాలు. ఏడు నిమిషాలు. పది.

పద్ధతి పద్ధతే. కడ్డీ అక్కడే వదిలి, కూలిన ఇళ్ళ మధ్య నుంచి వీధి చివరిదాకా నడిచాడు. కుళాయి ధారగా పోస్తోంది. కింద బకెట్టు లేదు. నీళ్ళు వాకిట్లో చిన్న గుంటలా నిలిచి, మెట్టు మీదికి ఎక్కుతున్నాయి. తడవని మెట్టు చూసుకుని కూర్చున్నాడు. జేబులో చెయ్యి పెడితే పాత గుండీ తగిలింది.

ఫోను మోగింది. ఆఫీసు ఇంజనీరు.

"ఏమయ్యా, మూడో వీధి మూసేశావా?"

"ఇంకా లేదండీ."

"ఎందుకని?"

"చివరింటి కేక రాలేదండీ. వచ్చాక మూస్తాను" అన్నాడు నీళ్ళ బాబాయి.